చింతపిక్కల డబ్బాలో గ్రీకు

హిందూపురంలో ఖాతూన్‌బీకి తెలియని మనిషి ఉండవచ్చు గానీ, ఆమెకు ఏమీ కాని మనిషి ఉండడు. నలభై ఏళ్ళుగా ఆమె పని పెళ్ళి సంబంధాలు కుదర్చడం. ఫోటోలూ బయోడేటాలూ పట్టుకుని తిరగదు. ఆమె దగ్గర ఉండేది ఒక పాత బిస్కెట్ల డబ్బా, దాని నిండా పురుగు పట్టకుండా వేయించి పెట్టుకున్న చింతపిక్కలు. ఎవరింటికి వెళ్ళినా చాప మీద కూర్చుని, డబ్బా మూత తీసి, నేల మీద పిక్కలు పేరుస్తుంది. నిండు పిక్కలు బతికున్నవాళ్ళు. సగం పిక్కలు పోయినవాళ్ళు. పొట్టు ఊడిన పిక్కలు, బతికే ఉన్నా మాటలు లేనివాళ్ళు. తాతల దగ్గర మొదలుపెట్టి పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట వేలు ఆనించి, “ఇదిగో, ఈడ కలిసినారు చూడు” అంటుంది.

ఒకసారి చెన్నేకొత్తపల్లి దగ్గర బస్సులో సీటు కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. ఖాతూన్‌బీ తన ఒళ్ళో తొమ్మిది పిక్కలు పేర్చి వాళ్ళను బావాబామ్మర్దులుగా తేల్చింది. దిగేటప్పుడు ఒకడి సంచి ఇంకొకడు మోశాడు. అగళి సంతలో టెంకాయలమ్మే కన్నడ ఆమెకు కూడా వరస తీసింది. ఖాతూన్‌బీ చెప్పిన తెలుగు ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఆ రోజు నుంచి ఒక టెంకాయ ఎక్కువ వేస్తోంది.

అయితే ఆ వరసలన్నీ నిజం కావు. నూటికి డెబ్బై నిజం. మిగిలిన ముప్పై చోట్ల పిక్కలు కలవకపోతే, ఎవరూ చూడనప్పుడు ఒక పిక్కను వేలితో కొంచెం జరుపుతుంది. దాన్ని ఆమె అబద్ధం అనుకోదు. ముడి వేయడం అనుకుంటుంది. అలాంటి చోట్ల ఆమెకు నమ్మకమైన ముడి ఒకటుంది. ఎప్పుడో పోయిన ఒకరి అవ్వ, ఎప్పుడో పోయిన ఇంకొకరి తాతకు పసితనంలో పాలిచ్చిందని చెప్పడం. ఇద్దరూ మట్టిలో ఉంటారు కాబట్టి కాదనేవాళ్ళు లేరు. చుట్టరికమూ కలుస్తుంది, పెళ్ళికీ అడ్డం రాదు.

ఇన్నేళ్ళలో ఆమెకు కొరుకుడు పడని ఇల్లు ఒక్కటే. ధర్మవరంలో హజరత్‌వలి ఇల్లు.

హజరత్‌వలి పట్టుచీరల మగ్గాలకు అట్టలు కొడతాడు. అంచుల మీద నెమళ్ళూ మామిడిపిందెలూ రావాలంటే అట్టలకు ఎక్కడెక్కడ బెజ్జాలు పడాలో ఆయన వేళ్ళకు తెలుసు. ఆయన కూతురు మహజబీన్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. అనంతపురంలో భాషాశాస్త్రం చదివి, ఊర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. మెత్తని పిల్ల. కూరలో ఉప్పు లేకపోయినా చెప్పదు. కానీ పెళ్ళిచూపులకు వచ్చిన ప్రతి అబ్బాయినీ, తల వంచుకునే, ఒక్క ప్రశ్న అడుగుతుంది.

“గ్రీకు భాష మిగతా భాషలకు ఏమవుతుంది?”

మొదటివాడు గ్రీకు అన్ని భాషలకూ తల్లి అన్నాడు. రెండోవాడు, కాదు, తెలుగే గ్రీకుకు తల్లి అని బల్ల గుద్దాడు. టీ ఒలికింది. ఐదోవాడు చేతులు కడుక్కుని వస్తానని పెరట్లోకి వెళ్ళి ఫోన్లో చూసుకున్నాడు. లోపలికి వచ్చేసరికి మరిచిపోయి మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తొమ్మిదోవాడు గ్రీకువాళ్ళు తన మేనమామకు బాగా తెలుసన్నాడు. పదకొండు మంది వచ్చారు, పదకొండు మందీ వెళ్ళారు. మహజబీన్ అందరికీ ఒకే మాట చెప్పింది: “వద్దు.”

హజరత్‌వలి ఒకరోజు ఖాతూన్‌బీని నిలదీశాడు. “ఏమక్కా, నీ పిక్కల పని అయిపోయిందా ఏమి? ఊర్లో అందరూ ఫోన్ గ్రూపుల్లోనే సంబంధాలు చూసుకుంటాండారు.”

ఖాతూన్‌బీకి రోషం వచ్చింది. “పన్నెండోది నేను కుదురుస్తా హజరత్తూ. కుదిరేదాకా ధర్మవరంలో టీ చుక్క ముట్టను. ఇది కూడా తప్పితే ఈ డబ్బా తీసుకపోయి చిత్రావతి ఏట్లో పారేస్తా.”

టీ మానడమంటే చిన్న మాట కాదు. ఖాతూన్‌బీ రోజుకు తొమ్మిది గ్లాసులు తాగే మనిషి. ధర్మవరం రైలు స్టేషన్లో దిగగానే టీ వాసన తగలకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచే గతి పట్టింది. డబ్బా సంగతి ఇంకా ఘోరం. అది పోతే ఆమె ఉత్త ముసలామె.

పన్నెండోవాడు పెనుకొండలో దొరికాడు. పేరు ఫిరోజ్, ముప్పై ఏళ్ళు. కార్ల ఫ్యాక్టరీకి వచ్చిన కొరియా ఆఫీసర్లకు డ్రైవరు. వాళ్ళను తిప్పుతూ తిప్పుతూ కొరియన్ మాట్లాడటం నేర్చుకున్నాడు. తల్లి పోయి ఆరేళ్ళయింది, తండ్రి సంతల్లో గాజులమ్ముతాడు. పిల్లవాడు బంగారం, నవ్వు ముఖం. గ్రీకు మాత్రం రాదు.

“రాకపోతే నేర్పిస్తా,” అనుకుంది ఖాతూన్‌బీ. కానీ నేర్పాలంటే ముందు ఆమెకు రావాలి కదా. హిందూపురంలో తమ వీధి చివర ఉండే రిటైర్డు పంతులు లక్ష్మన్న ఇంటి అరుగు మీద డబ్బాతో సహా కూర్చుంది.

“అయ్యోరా, గ్రీకు ఎవరి బిడ్డ?”

లక్ష్మన్న చదువుతున్న పేపరు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినా ఇంత మంచి ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు.

“గ్రీకుకూ, సంస్కృతానికీ, పారసీకీ, ఇంగ్లీషుకూ కూడా, వెనక్కి పోతే ఒకటే తల్లి.”

ఖాతూన్‌బీ నాలుగు పిక్కలు వరుసగా పెట్టి, పైన సగం పిక్క పెట్టింది. “తల్లి పేరు?”

“తెలీదు.”

“ఏ ఊరు?”

“దాని మీద పండితులు ఇంగా కొట్లాడుకుంటాండారు.”

“పేరు లేదు, ఊరు లేదు! ఇట్లాంటి సంబంధం నేను తెస్తే చీపురు తిరగేస్తారు అయ్యోరా. ఆమెను యాడ చూసినారు?”

“ఎవరూ చూడలేదు. ఆ భాషలో రాసిన ముక్క ఒక్కటి కూడా దొరకలేదు. బిడ్డల ముక్కులూ చెవులూ పోల్చి తల్లి ముఖం గీసుకున్నారు. సంస్కృతంలో తండ్రి పితర్, గ్రీకులో పతేర్. ఏడు సప్త, ఆడ హెప్తా. ఎనిమిది అష్ట, ఆడ ఓక్తో. పది దశ, ఆడ దేకా. ఏదో ఒక మాట కాదు, బారు బారుగా ఒకే పద్ధతిలో కలుస్తాండాయి.”

ఖాతూన్‌బీకి ఆ పండితుల మీద గౌరవం కలిగింది. ముక్కు చూసి తల్లిని చెప్పడం ఆమె వృత్తి కూడాను. “సరే, మన తెలుగు యాడ పెట్టేది?”

లక్ష్మన్న మూడు పిక్కలు తీసుకుని అరుగు ఆ చివరకు వెళ్ళి పెట్టాడు. “తెలుగు, కన్నడం, తమిళం ఒక తల్లి బిడ్డలు. ఇల్లే వేరు.”

“అరబ్బీ?”

ఇంకో పిక్క మెట్టు దిగి పెట్టాడు. “అది ఇంగో వీధి.”

“అంటే తెలుగుకు గ్రీకు ఏమవుతాది?”

“ఏమీ కాదు.”

ఖాతూన్‌బీ ముఖం పాలిపోయింది. ఆ రెండు మాటలు ఆమె ఎదుట ఇంతవరకూ ఎవరూ అనలేదు. “దూరపు మేనరికమైనా?”

“లేదు.”

“పోనీ, పాలు ఏమైనా...”

“భాషలు పాలు తాగవు ఖాతూన్‌బీ.”

అప్పుడే లక్ష్మన్న భార్య హేమావతి లోపలినుంచి ఒక స్టీలు గిన్నె తెచ్చింది. “ఇదిగో, మీ గిన్నె. పండక్కి ఖీరు పంపిస్తివే, అది. బోసిగా ఎట్ల ఇచ్చేదని పెట్టుకోనుంటి. రెండు ఓళిగలేసినా.”

లక్ష్మన్న ఎగిరినంత పని చేశాడు. “ఇదే! గ్రీకుకూ మనకూ ఇదే! మన దేశం పిప్పళ్ళు పేరుతో సహా వాండ్లింటికి పోయినాయి, వాండ్లు పెపెరి అన్నారు. వాండ్ల కలమోస్ అరబ్బీ ఇంటికి పోయి, ఆణ్ణుంచి మన జేబులోకి కలమై వచ్చింది. మన కేంద్రం అనే మాట కూడా వాండ్ల గిన్నెలో వచ్చిందే, సంస్కృతం ఇంటి మీదుగా. గిన్నెలు పోతాంటాయి, వస్తాంటాయి. చుట్టాలే కానక్కర్లేదు.”

“ఖాళీగా మాత్రం ఇయ్యకూడదు,” అంది హేమావతి.

“ఇంగొకటి చెప్తా. రక్తమూ లేకుండా, గిన్నే లేకుండా ఊరికే పోలిక పడుతుంది కొన్నిసార్లు. హిందూపురం సంతలో ఒకాయన అచ్చం నా మాదిరే ఉంటాడు. ఆయన నాకు ఏమీ కాడు.”

“ఆయన ఇంటిపేరేంది?” అంది ఖాతూన్‌బీ వెంటనే, పిక్క చేతికి తీసుకుంటూ.

“ఏమీ కాడంటినే!”

ఆమె డబ్బా మూసి, గిన్నె తీసుకుని ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి ఆ బొబ్బట్లు తిన్నది గానీ, ‘ఏమీ కాదు’ అన్న మాట మాత్రం గొంతు దిగలేదు.

ఆదివారం పొద్దున ఆమె హిందూపురంలో రైలెక్కింది. పెనుకొండలో ఫిరోజ్ ఇస్త్రీ చొక్కాతో ఎక్కాడు. ధర్మవరం వచ్చేలోపు పాఠం అయిపోవాలి. ఖాతూన్‌బీ ఇద్దరి మధ్యా సీటు మీద తువ్వాలు పరిచి పిక్కలు పేర్చింది.

“ఇది గ్రీకు. ఇది సంస్కృతం. ఇవి రెండూ ఏమైతాయి?”

“మొగుడూ పెండ్లాం?”

“అక్కచెల్లెండ్లు రా! ఇది తెలుగు, దూరంగా ఉండాది చూడు. మళ్ళీ చెప్పు.”

“అవ్వా, నాకు కొరియన్ వస్తాది కదా. అది చెప్తే సరిపోదా?”

“ఆ పిల్ల అడిగేది గ్రీకు!”

ఎదుటి సీట్లో చౌడప్ప అనే శెనక్కాయల రైతు ఈ పాఠాన్ని ఆసక్తిగా వింటున్నాడు. వింటూ వింటూ, ఏదో ఆలోచిస్తూ, తువ్వాలు మీదనుంచి ఒక పిక్క తీసి నోట్లో వేసుకున్నాడు. పటుక్కుమంది.

ఖాతూన్‌బీ కెవ్వుమంది. “సంస్కృతాన్ని తినేసినావు కదప్పా!”

చౌడప్ప నమలడం ఆపాడు. ఉమ్మాలో మింగాలో తెలియక బిక్కముఖం వేశాడు. “ఏంచినవి కదా అని... తినేదానికే పెట్టినారనుకుంటిని తల్లీ.”

చివరికి మింగేశాడు. పాపం, ఊరికే ఉండలేక సంచిలోనుంచి దోసెడు శెనక్కాయలు తీసి తువ్వాలు మీద పోశాడు. గ్రీకు, పారసీ, ఇంగ్లీషు అన్నీ వాటి కింద కూరుకుపోయాయి. ఫిరోజ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. ఏ పిక్క ఏ భాషో ఖాతూన్‌బీ మళ్ళీ వెతికి తీసేలోపు ధర్మవరం వచ్చేసింది.

హజరత్‌వలి ఇంట్లో అట్టల కట్టలు గోడవారగా సర్ది, మధ్యలో చాప వేశారు. ఆయన భార్య భాను వంటింటి గడపలో కూర్చుంది. మహజబీన్ తలుపు పక్కన, తల వంచుకుని. టీ వచ్చింది. ఖాతూన్‌బీ తన గ్లాసును దూరం జరిపి ఊపిరి బిగబట్టింది.

హజరత్‌వలి ఫిరోజ్‌ను ఎగాదిగా చూసి, ప్రతి సంబంధంలో అడిగే మాటే అడిగాడు. “సరేక్కా, పిల్లోడు బాగుండాడు. ఈ పెనుకొండోళ్ళు మనకు ఏమైతారు?”

ఏమీ కారు. ఖాతూన్‌బీ వారం రోజులు పిక్కలు పేర్చి చూసింది, ఎక్కడా కలవలేదు. కానీ ఆ మాట ఆమె నాలుకకు అలవాటు లేదు. తలలో గ్రీకూ శెనక్కాయలూ కలిసి గిరగిరా తిరుగుతున్నాయి. చెయ్యి దానంతట అదే డబ్బాలోకి వెళ్ళింది, నోరు దానంతట అదే తెరుచుకుంది.

“ఏమైతారంటావేంది హజరత్తూ! భాను కానుపుకు హిందూపురం పుట్టింటికి వచ్చి, మూడు వారాలు జరంతో ఒళ్ళు తెలీకుండా పడుండ్లా? అప్పుడు పసిబిడ్డకు పాలు ఎవరిచ్చినారనుకున్నావు? పక్కింటికి చుట్టం చూపుగా వచ్చిన ఈ ఫిరోజు వాళ్ళమ్మ! వీడు చంకలో, మహజబీను ఒళ్ళో!”

భాను నోరు వెళ్ళబెట్టింది. జ్వరం నిజం. ఒళ్ళు తెలియకపోవడమూ నిజం. ఫిరోజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మాయమ్మా? ఎప్పుడూ చెప్పలేదే...”

“చెప్పుకునే మనిషి కాదు నాయనా మీయమ్మ,” అంది ఖాతూన్‌బీ, తన ముడి తనకే నచ్చి.

హజరత్‌వలి గ్లాసు కింద పెట్టాడు. “పాలిచ్చిందా?”

“ఇచ్చింది.”

“ఒకపూటా?”

“ఒకపూటేంది, మూడు వారాలు!”

“కడుపునిండా?”

“బిడ్డ బుగ్గలు ఈ మాత్రం వచ్చినాయి!” అని చేతులతో చూపించింది కూడా.

హజరత్‌వలి మెల్లగా అన్నాడు. “అంటే వీడు నా బిడ్డకు పాలతమ్ముడో, పాలన్నో అయినాడు.”

ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులే. వాళ్ళకు పెళ్ళి కూడదు. ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళిళ్ళు కుదిర్చే ఖాతూన్‌బీకి తెలియదా? ఎప్పుడూ ముసలివాళ్ళ మధ్య వేసే ముడిని, ఆ రోజు చెయ్యి జారి ఒక తరం కిందికి వేసింది. అంతే.

ఫిరోజ్ మర్యాదగా లేచి నిలబడ్డాడు. “అయితే... చెల్లెలికి ఏదైనా తెచ్చుంటే బాగుండు,” అన్నాడు అయోమయంగా. ‘చెల్లెలు’ అన్న మాటకు మహజబీన్ మొదటిసారి తలెత్తింది.

ఖాతూన్‌బీకి రెండు దారులు కనిపించాయి. నోరు మూసుకుంటే సంబంధం పోతుంది, డబ్బా చిత్రావతిలో పడుతుంది, కానీ ఖాతూన్‌బీ చెప్పిన వరస నిలుస్తుంది. నోరు తెరిస్తే నలభై ఏళ్ళ పేరు ఈ చాప మీదే పోతుంది. గడప దగ్గర భాను కళ్ళు తుడుచుకుంటోంది. ఫిరోజ్, లేని పాల కోసం, పోయిన తల్లిని తలుచుకుంటున్నాడు. అది చూసేసరికి ఆమె తట్టుకోలేకపోయింది.

“డబ్బాపాలు,” అంది.

“ఏందీ?”

“డబ్బాపాలు తాగింది నీ బిడ్డ. నేనే కలిపిచ్చినా. వీళ్ళమ్మ ముఖం కూడా నేను చూడలేదు. వీళ్ళు మీకు... వీళ్ళు మీకు...” చేతిలోని పిక్కను డబ్బాలో వేసేసింది. “ఏమీ కారు హజరత్తూ.”

హజరత్‌వలికి ఇంకో అనుమానం వచ్చింది. “అయితే నా పెండ్లప్పుడు, మా తాతకు భాను వాళ్ళ జేజవ్వ పాలిచ్చిందని నువ్వు చెప్పిందో?”

ఖాతూన్‌బీ చాపలో ఒక పుల్ల గిల్లుతూ కూర్చుంది.

వంటింటి గడపనుంచి భాను ఫక్కున నవ్వింది. “నాకు పెండ్లయిన మూడోనాడే తెలుసు. మీ తాత మా జేజికన్నా ఇరవై ఏండ్లు పెద్ద!”

“తెలిసి ముప్పై ఏండ్లు చెప్పకుంటివా?”

“నువ్వు మా జేజి పేరు చెప్పి ప్రతి పండక్కి ఫాతెహా చదివిస్తాంటివి. బాగుండాది కదా అని ఊరుకుంటిని.”

అప్పుడు వినిపించింది ఒక కొత్త చప్పుడు. మహజబీన్ నవ్వుతోంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వుతోంది. పదకొండు పెళ్ళిచూపుల్లో ఆ ఇల్లు వినని నవ్వు అది. నవ్వు తగ్గాక తల మళ్ళీ వంచుకుని, ఫిరోజ్‌ను అడగాల్సింది అడిగింది. “గ్రీకు భాష మిగతా భాషలకు ఏమవుతుంది?”

ఖాతూన్‌బీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఫిరోజ్ చెవి వెనక గోక్కున్నాడు. “కొన్నిటికి అక్కచెల్లెలంట. మన తెలుగుతో ఊరికే గిన్నెలు ఇచ్చి పుచ్చుకునేదంట. ఇంగా ఏమో ఉండాది గానీ, రైల్లో ఒకాయన సంస్కృతాన్ని తినేసినాడు. ఆణ్ణుంచి నాకు తెలీదు.”

“తెలీదా?”

“తెలీదు.”

మహజబీన్ ముఖం విప్పారింది. పదకొండు మందిలో ఆ మాట ఒక్కడూ అనలేదు. “మరి మీకు తెలిసింది ఏమైనా చెప్పండి.”

“కొరియన్ వస్తాది. మా సార్లు రోజంతా నే, నే అంటాంటారు. నే అంటే ఔను.”

“గ్రీకులో కూడా నే అంటే ఔనే,” అంది మహజబీన్.

“ఔనా!” ఫిరోజ్ ఉత్సాహంగా ముందుకు జరిగాడు. “అయితే కొరియన్, గ్రీకు చుట్టాలా?”

“కాదు!” ఖాతూన్‌బీ గోడలు అదిరేలా అరిచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. “ఏమీ కాదు! ఊరికే పోలిక! రక్తం లేదు, గిన్నె లేదు, పాలు అసలే లేవు! సంతలో మనిషి అయ్యోరి మాదిరి ఉండాడంతే!”

మహజబీన్ ఆశ్చర్యంగా ఆమె వైపు చూసింది. “ఎంత బాగా చెప్పినావు అవ్వా! మా క్లాసులో ఒక్కరు కూడా ఇంత సూటిగా రాయలేదు.”

హజరత్‌వలికి క్లాసుతో పనిలేదు. “ఆ ముచ్చట తర్వాత. ఏమమ్మా, ఈ పిల్లోడు మనకు ఏమీ కాడంట. నీకు ఇష్టమేనా?”

మహజబీన్ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. “నే,” అంది.

అది గ్రీకో కొరియనో హజరత్‌వలికి తెలియలేదు గానీ, ఫిరోజ్ చెవులు ఎర్రబడటం చూసి సంగతి అర్థమైంది. ఖాతూన్‌బీ మాత్రం దేనికోసమూ ఆగలేదు. దూరం జరిపిన గ్లాసు దగ్గరికి లాక్కుంది. చల్లారి మీగడ కట్టిన టీని ఒక్క గుక్కలో తాగేసి, “ఇంగో రెండు తేవే భానూ, వేడిగా,” అంది.

వెళ్ళేటప్పుడు భాను ఫిరోజ్ తండ్రికోసం ఒక గిన్నె నిండా సేమ్యా ఇచ్చింది. హజరత్‌వలి ఖాతూన్‌బీ చేతిలోని డబ్బాను చూస్తూ గొంతు సవరించుకున్నాడు. “దాన్నేమీ చిత్రావతిలో వేయొద్దులేక్కా. కానీ ఇంగమీద పిక్కలు జరపొద్దు.”

“జరపను.”

“మా జేజిని మాత్రం అట్లనే ఉండనీ,” అంది భాను. “అలవాటైపోయింది.”

తిరుగు రైల్లో ఫిరోజ్ గిన్నె ఒలకకుండా పట్టుకుని పెనుకొండలో దిగిపోయాడు. ఖాతూన్‌బీ డబ్బా మూత తీసి చూసుకుంది. సంస్కృతం ఉండాల్సిన చోట చౌడప్ప శెనక్కాయ ఒకటి పడి ఉంది. తీసేద్దామనుకుని, మళ్ళీ అలాగే ఉంచేసింది.

అదే స్టేషన్లో ఒకామె పెద్ద మూటతో ఎక్కి, చోటు కోసం అటూ ఇటూ చూస్తూ నిలబడింది. “ఏ ఊరమ్మా మీది?” అని అడిగింది ఖాతూన్‌బీ.

“నల్లమాడ.”

నల్లమాడ! ఖాతూన్‌బీ చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. రెండు పిక్కలు వేళ్ళకు తగిలాయి. ఇంకొక్కటి జరిపితే చాలు. ఆమె వేళ్ళు కాసేపు అక్కడే తచ్చాడాయి. తర్వాత మూత గట్టిగా నొక్కి, ఒళ్ళో పెట్టుకుంది.

“మీరు మాకు ఏమీ కారమ్మా,” అంది. కిటికీ వైపు జరిగి సీటు మీద చేత్తో తట్టింది. “రా, కూచో.”